ఎడమ గీత

ఈ ప్రయాణం మే నెల రెండో మంగళవారం ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు, బెజవాడలో మా తమ్ముడి ఇంటి ముందు మొదలైంది. ఐదున్నరకు బయల్దేరాలనుకున్నాం. పది నిమిషాలు ప్రార్థనకు పోయాయి. ప్రార్థన చేసింది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

తమ్ముడి పేరు ఆశీర్వాదం. వయసు డెబ్బై ఒకటి. ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ బస్సు నడిపి, ఒక్క ప్రమాదం లేకుండా రిటైరయ్యాడు. నాకు డెబ్బై ఆరు. సర్వే ఆఫీసులో ట్రేసరుగా పనిచేశాను. అంటే పొలాల పటాల మీద పల్చటి కాగితం పరిచి, కింద కనిపించే గీతల్ని పైన మళ్లీ గీయడం. గీత కొంచెం పక్కకు పోతే ఒకరి గట్టు ఇంకొకరి పొలంలోకి పోతుంది. ఆ ఉద్యోగం వల్ల నాకు కొన్ని అలవాట్లు వచ్చాయి. అవి ఇంట్లో ఎవరికీ నచ్చవు. ఈసారి మాత్రం వాటి కోసమే నన్ను కారెక్కించారు.

కారు కొన్నది తమ్ముడి కూతురు గ్రేస్. బ్యాంకులో పనిచేస్తుంది. ఈ మధ్య వాళ్ల నాన్న గేటుకు రెండుసార్లు కారు తగిలించడంతో పాతది అమ్మేసి, గీత దాటకుండా తనంతట తానే చూసుకునే కొత్త కారు కొంది. బయల్దేరే ముందు రోజు సాయంత్రం నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"అత్తా, నాన్న గీత మీదికి పోతుంటే కారే స్టీరింగు పట్టుకుని వెనక్కి లాగుద్ది. అప్పుడు కీచుమని శబ్దం వస్తుంది, మీటరు మీద గీత బొమ్మ పసుపు రంగుకి మారుద్ది. నువ్వు పక్కన కూర్చుని ఎన్నిసార్లు లాగిందో రాయి. గురువారం తిరిగొచ్చేటప్పుడు ఏలూరు నుంచి బెజవాడ దాకా హైవేలో వస్తారుగా, అక్కడ పదికి మించితే నాన్న తాళం నాకిచ్చెయ్యాలి. మించకపోతే ఇంక జన్మలో ఆ మాటెత్తను."

"పదెందుకే? ఐదు పెట్టు," అన్నాడు తమ్ముడు.

"పదే నాన్నా."

"పెట్టుకో. మీ అత్త ఎటూ తక్కువ రాయదు, ఎక్కువా రాయదు."

ఆ మాటతో ముగ్గురం ఒప్పుకున్నట్టయింది. వెళ్లాల్సింది చింతలపూడి దగ్గర ఒక పల్లెకు. అక్కడ మా మేనమామ కూతురి ఊళ్లో కొత్త చర్చికి ప్రతిష్ఠ. మధ్యలో నూజివీడులో మామిడిపళ్లు తీసుకోవాలి.

హనుమాన్ జంక్షన్

బెజవాడ నుంచి హనుమాన్ జంక్షన్ దాకా మీటరు ప్రకారం ముప్పై తొమ్మిది కిలోమీటర్లు. ఏడు గంటలకు పెసరట్టు ముందు కూర్చున్నాం. అల్లం పచ్చడి బెజవాడ కన్నా తియ్యగా ఉంది. ఇక్కడ అడక్కుండా రెండోసారి వేస్తారు, మా వీధిలో అడిగినా వెయ్యరు. నా నోటుబుక్కులో మొదటి లెక్క: ముప్పై తొమ్మిది కిలోమీటర్లకు సున్నా.

తమ్ముడు ఆ సున్నాను రెండుసార్లు చూశాడు. "ఫోన్ చెయ్యి దానికి," అన్నాడు.

చేశాను. గ్రేస్ వెంటనే నమ్మలేదు. "అత్తా, మీటరు మీద గీత బొమ్మ ఏ రంగులో ఉంది?"

నోటుబుక్కు చూసి చెప్పాను. "బూడిద రంగు. దారి పొడుగునా."

"ఆకుపచ్చగా ఉండాలత్తా. బూడిదంటే కారుకి గీతలు కనపడ్డం లేదు. ఎవరికైనా చూపించండి."

టిఫిను హోటలు పక్కనే కార్లకు ముందు అద్దాలు బిగించే షాపు ఉంది. యజమాని మస్తాన్, నలభై దాటిన మనిషి. కారు ముందుకు వచ్చి నిలబడి, అద్దం మీద పైన నడిమధ్య వేలితో రాసి చూశాడు.

"ఇదేంటమ్మా, అద్దానికి నూనె రాశారేంటి?"

"నూనె కాదయ్యా, అభిషేక తైలం," అన్నాడు తమ్ముడు. "కొత్త కారని పాస్టరుగారు ప్రార్థన చేసి సిలువ గుర్తు వేశారు."

"సరిగ్గా కెమెరా ముందేశారండి. దుమ్మంతా దానికే పట్టుకుంది."

"కారుకి నుదురు అదేగా మరి?"

"అదేలెండి. మొన్న ఒకాయనకి ఇక్కడే పసుపు, కుంకం కడిగాను. అందరికీ ఇదే చోటు దొరుకుద్ది."

షాపు గుడ్డతో తుడవడానికి తమ్ముడు ఒప్పుకోలేదు. నా చేతిరుమాలు అడిగాడు. కొత్తది, నాలుగు అంచులూ నేనే కుట్టుకున్నది. ఇచ్చాను. తుడిచాక దాన్ని ఎక్కడ పెట్టాలో అతనికీ తెలియలేదు, నాకూ తెలియలేదు. బైబిలు సంచిలో పెట్టాను. బైబిలు చివరి పుటలకు నూనె అంటింది.

ఇంతకీ ఇది ఎలా పనిచేస్తుందని మస్తాన్‌ని అడిగాను. అతను పాత అద్దం ముక్క ఒకటి తెచ్చి, దాని మీద సుద్దముక్కతో రెండు గీతలు గీశాడు.

"రోడ్డు నల్లగా ఉంటది, గీత తెల్లగా ఉంటదమ్మా. ఆ తేడా పట్టుకుని ఈ కెమెరా రెండు గీతలూ ఎక్కడున్నాయో చూసుకుంటది. మన కారు రెంటి మధ్యలో ఎంత పక్కకుందో సెకనుకి చాలాసార్లు లెక్క కడతది. గీతకి దగ్గరైపోతుంటే స్టీరింగులో చిన్న మోటారుంటది, అది ఇటు తిప్పుద్ది. గట్టిగా కాదు, చంటిపిల్ల చెయ్యి పట్టుకుని లాగినట్టు. మీరు గట్టిగా పట్టుకుంటే మీ మాటే చెల్లుద్ది."

"ఎప్పుడు లాగదు?"

"స్పీడు అరవై దాటకపోతే లాగదు. గీతల్లేకపోతే లాగదు. సిగ్నల్ లైటు వేసి పక్కకెళ్తే, మీరు కావాలనే వెళ్తున్నారనుకుని లాగదు. సిగ్నల్ వెయ్యకపోతే నిద్రలో వెళ్తున్నారనుకుంటది."

ఈ చివరి మాట నేను కింద గీత గీసి రాసుకున్నాను. బస్సు నడిపిన కాలంలో మా తమ్ముడికి సిగ్నల్ లైటు అలవాటు లేదు. చెయ్యి బయటపెట్టేవాడు, మిగతాది హారన్ చూసుకునేది. కాబట్టి కారు లాగిన ప్రతిసారీ అతని తప్పు కాకపోవచ్చు. నోటుబుక్కులో రెండు గడులు గీశాను. ఒకదాని పైన 'సిగ్నల్ వేయక', రెండోదాని పైన 'తెలియక'.

"నన్ను గుర్తుపెట్టుకునే గీశావా ఆ మొదటి గడి?" అన్నాడు తమ్ముడు.

"న్యాయంగా ఉండాలిగా."

"న్యాయమైతే ఆ సున్నా ఉంచు."

ఉంచలేదు. దాని పక్కన 'చెల్లదు, నూనె' అని రాశాను. మస్తాన్ డబ్బులు తీసుకోలేదు. తైలం తుడిచినందుకు డబ్బులు తీసుకుంటే బావుండదన్నాడు.

నూజివీడు

జంక్షన్ నుంచి నూజివీడు రోడ్డుకు గీతలు సగం దూరమే ఉన్నాయి. ఉన్నంతలో బొమ్మ పచ్చగా వెలిగింది, కారు మూడుసార్లు లాగింది. సిగ్నల్ వేయక ఒకటి, తెలియక రెండు. తమ్ముడు ఆ రెండూ గేదెల వల్లనన్నాడు. గేదెలున్న మాట నిజం. అవి కుడి పక్కన, పొలంలో ఉన్నాయి.

రంగారావుగారి తోట ఊరికి ఇవతలే. ఆయనది మామిడి, వరి ఉన్న కుటుంబం. చదువుకునే రోజుల్లో మా తమ్ముడి బస్సులో వెళ్లిన మనిషి. ఆ పరిచయం ఇప్పటికీ ఉంది. గేటు దగ్గరికే ఎదురొచ్చాడు.

"రండి డ్రైవరుగారూ! మీ బస్సు మలుపు తిరిగితేగానీ మా అమ్మ ఎసరు పెట్టేది కాదు. గోడ గడియారం ఆగిపోయినా మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు."

తమ్ముడు నవ్వుకుంటూ కారు లోపలికి తిప్పాడు. గేటుకు ఎడమ పక్కన, కాయలు మార్కెట్‌కు పంపే ప్లాస్టిక్ ట్రేలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. ఎడమ అద్దం వాటికి తగిలి, మడత పడి, చిట్లి, నా కిటికీ కింద వేలాడింది. నాలుగు ట్రేలు పడ్డాయి.

"దారిలో పెట్టారేంటండీ ట్రేలు?" అన్నాడు తమ్ముడు.

రంగారావుగారు, "పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నాయండి," అన్నాడు. తర్వాత, అతిథిని అలా అన్నందుకు నొచ్చుకున్నట్టుగా, "మావాళ్లకి బుద్ధిలేదు లెండి," అని కలిపాడు.

మధ్యాహ్నం చిన్నరసాలు పెట్టారు. మా ఊళ్లో మేం ముక్కలు కోసి గిన్నెల్లో పెట్టుకుని చెంచాలతో తింటాం. ఇక్కడ పండును రెండు అరచేతుల మధ్య మెత్తగా నలిపి, ముచిక తీసి, మొదటి రెండు చుక్కలు జీడి ఉంటుందని పిండి పారబోసి, నోట్లో పెట్టుకుంటారు. నేను కత్తి అడిగాను. రంగారావుగారి భార్య నా వైపు జబ్బుమనిషిని చూసినట్టు చూసి, "బంగినపల్లికైతే కత్తి తెస్తానండి, రసానికి తేను," అంది. మూడు తిన్నాను. చీర కొంగు మీద ఐదు మరకలు.

యాభై పళ్లు అడిగితే యాభై మూడు ఇచ్చారు. మూడు కొసరు. కొసరు ఉన్నచోట నాకు ఎప్పుడూ లెక్క కుదరదు. ఎందుకు మూడు, ఎందుకు నాలుగు కాదు అంటే, "చేతికొచ్చినన్ని," అన్నారు.

ఆ రాత్రికి అక్కడే ఉన్నాం.

చింతలపూడి వైపు

బుధవారం ఉదయం ఆరుంబావుకు బయల్దేరాం. నూజివీడు దాటాక రోడ్డు మీద గీతలు ఉంటాయి, పోతాయి, ఉన్నట్టుండి కొత్తవి వస్తాయి. బొమ్మ ఎక్కువసేపు బూడిద రంగులోనే ఉంది. కారుకు దారి తెలియదు, మా తమ్ముడికి తెలుసు. ఏ మలుపు ఎంత ఒంపు తిరుగుతుందో, ఏ కల్వర్టు ముందు బ్రేకు వెయ్యాలో చెప్పి మరీ వేశాడు. ఒకచోట, "ఇక్కడ గుంట ఉండేది," అన్నాడు. గుంట లేదు. పూడ్చేశారు. అయినా తప్పించాడు. ఆ దారిలో అతను నడపడం చూస్తే గ్రేస్ తాళం అడిగేది కాదు.

తమ్ముడు ఎప్పుడూ కొండంత చేసి చెప్పే బస్సు కబుర్లు రెండు గంటలు సాగాయి. వాటిని ఇక్కడ రాయను, కొలతలు నమ్మేలా ఉండవు.

చింతలపూడి దాటి పల్లెలోకి తిరిగేసరికి, రోడ్డుకు రెండు పక్కలా సున్నం గీతలు వేసి ఉన్నాయి. బిషప్‌గారు వస్తున్నారని చర్చి దాకా వేశారు. స్పీడు పాతిక కూడా లేదు కాబట్టి కారు మా జోలికి రాలేదు. చర్చి ముందు ఆగి దిగేలోపే ఒక పెద్దాయన సున్నం డబ్బాతో వచ్చాడు. ఆ ఊరి సంఘ పెద్ద దావీదుగారు.

"ఏవండీ, మీకు రోడ్డు సరిపోలేదా? గీత మీదే నడుపుకుంటా వచ్చారు!"

"ఏ గీత?" అన్నాడు తమ్ముడు.

"ఏ గీతేంటండీ బాబూ! పొద్దున్నే నడుం పడిపోయేలా నేను వేసిన గీత. బిషప్‌గారొచ్చే లోపల మళ్లీ వెయ్యాలి. మీ కారుకి కూడా కలిపి వేశానా ఏంటి సున్నం?"

కారు చుట్టూ తిరిగి చూశాను. కుడి టైర్లు రెండూ నల్లగా ఉన్నాయి. ఎడమ టైర్లు రెండూ తెల్లగా ఉన్నాయి. వెనక్కి నడిచి, గీత చెరిగిన మేర అడుగులు వేసి కొలిచాను. నా అడుగులు తొంభై రెండు. అంత దూరం ఎడమ గీత లేదు. కుడి గీత చెక్కుచెదరలేదు.

"అలికిడికి పక్కకి తిప్పుంటాను," అన్నాడు తమ్ముడు. ఎవరి అలికిడో నేను అడగలేదు. దావీదుగారి చేతిలో డబ్బా తీసుకుని, నడుం వంచి, తొంభై రెండడుగులూ తనే మళ్లీ సున్నం వేశాడు. గీత తిన్నగా రాలేదు. దావీదుగారు చూసి, "పోన్లెండి, బిషప్‌గారు కారులోంచి చూస్తారా ఏంటి," అన్నాడు.

ప్రతిష్ఠ మూడు గంటలు జరిగింది. భోజనంలో మాంసం కూర, గోంగూర, మామిడికాయ పప్పు. మా చర్చిలో పెద్దలకు కుర్చీలు వేస్తారు, ఇక్కడ బిషప్‌గారు తప్ప అందరూ చాపల మీదే. నేను కూర్చోగలిగాను. లేవడానికి ఇద్దరు కావలసి వచ్చారు.

ఆ సాయంత్రం నోటుబుక్కులో గడులు మార్చాను. 'తెలియక' అన్న గడిని నిలువుగా రెండు చేసి, ఎడమ, కుడి అని రాశాను. ఆఫీసులో మాకు ఒక సంగతి నేర్పారు. గీతలో తప్పు అటొకటి ఇటొకటి వస్తే అది చేతి వణుకు. అన్నీ ఒకే పక్కకు వస్తుంటే చెయ్యి మంచిదే, చూపు దగ్గర ఏదో ఉన్నట్టు.

ఏలూరు దాటాక

గురువారం తొమ్మిదీ ఇరవైకి ఏలూరు దగ్గర హైవే ఎక్కాం. మీటరు మీద గీత బొమ్మ రెండు పక్కలా పచ్చగా వెలిగింది. రోడ్డు మంచిది, గీతలు కొత్తవి, అద్దానికి తైలం లేదు. ఇక ఎవరికీ సాకు లేదు. తమ్ముడు చొక్కా పై బొత్తాం పెట్టుకున్నాడు.

మొదటి ఐదు కిలోమీటర్లలో నాలుగు. అందులో మూడు సిగ్నల్ వేయక. ఆ తర్వాత గుర్తొచ్చినప్పుడల్లా సిగ్నల్ వేయడం మొదలుపెట్టాడు, కానీ శబ్దం ఆగలేదు. అతను పక్కకు వెళ్తున్నాననుకోలేదు. కారు మెల్లగా నా వైపుకు జరిగేది, కీచుమనేది, స్టీరింగు అతని చేతుల్లో కుడికి తిరిగేది, ఒక నిమిషం బావుండేది, మళ్లీ నా వైపుకు జరిగేది. నేను రాస్తూ పోయాను. రాస్తున్నప్పుడల్లా అతను నా పెన్ను వైపు చూశాడు. అలా చూడడం వల్ల కూడా ఒకటి పెరిగింది. దాన్ని తీసేద్దామా అని ఆలోచించి, ఉంచాను.

పదిహేడో కిలోమీటరు దగ్గర మా ముందు ఎడమ అంచున ఒక స్కూటరు వెళ్తోంది. మొగుడూ పెళ్లాం, మధ్యలో మామిడిపళ్ల సంచి. చాలా దూరం నుంచే నాకు కనిపించారు. వాళ్ల పక్కకు వచ్చేసరికి మా కారు వాళ్ల మీదికి జరగడం మొదలుపెట్టింది. నేను అరవబోయే లోపు కీచుమంది. స్టీరింగు కుడికి లాగింది. తమ్ముడు ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. వెనక సీట్లో పళ్ల పెట్టె ముందుకు దొర్లింది. స్కూటరాయన నా కిటికీకి జానెడు దూరంలో, "కళ్లు నెత్తి మీదున్నాయా!" అని అరిచి ముందుకు పోయాడు.

"ఎక్కణ్నుంచి వచ్చారు వీళ్లు?" అన్నాడు తమ్ముడు.

"రెండు నిమిషాల నుంచి అక్కడే ఉన్నారు. పక్కకు ఆపు."

రోడ్డు పక్కన ఒక టీ పాక ఉంటే ఆపాడు. ఇంజిను ఆగాక స్టీరింగు మీద నుంచి చేతులు తియ్యలేదు.

"ఎంతయింది?"

"మొత్తం పంతొమ్మిది. సిగ్నల్ వేయక ఆరు, అవి తీసేశాను. తెలియక పదమూడు."

చొక్కా పై బొత్తాం తీసేశాడు. తర్వాత, "పదని రాయి అక్కా," అన్నాడు. "పదంటే మించనట్టేగా."

ముప్పై ఏళ్ల పైన గీతలు గీశాను, ఎవరి కోసమూ ఒక్కటి జరపలేదు. జరపమన్నవాళ్లు ఉన్నారు, డబ్బులు చూపించినవాళ్లు ఉన్నారు. ఎప్పుడూ మనసు పోలేదు. ఆ గురువారం తొమ్మిదీ నలభై ఐదుకు పోయింది. పెన్ను మూత తీశాను కూడా.

"పదమూడులో ఎడమకి పన్నెండురా," అన్నాను. "ట్రేలు ఎడమ. సున్నం ఎడమ. ఒకసారి ఇటు తిరుగు."

తిరిగాడు. నా అరచేత్తో అతని కుడి కన్ను మూశాను. "నేను కనిపిస్తున్నానా?"

"నీ చెవి కనిపిస్తోంది," అన్నాడు.

"ముఖం?"

"ముఖం దగ్గర పొగ."

"ఎప్పట్నుంచి?"

"క్రిస్మస్ ముందు నుంచి. రెండు కళ్లూ తెరిస్తే తెలీదక్కా. కుడిది సర్దుకుంటది." నా చెయ్యి తీశాడు. "ఈ కారొచ్చాక ఇంకేం ఫరవాలేదనుకున్నాను. ఎటూ అదే లాగుద్దిగా."

"పాతికలో వెళ్తే లాగదు. గీతలు లేకపోతే లాగదు. తైలం ఉంటే లాగదు."

"విన్నాలే. నేనూ అక్కడే ఉన్నాగా."

దిగి, కారు ముందు నుంచి చుట్టూ నడిచి వచ్చి, నా తలుపు తీసి తాళం నా ఒళ్లో పెట్టాడు. అతను ఇస్తానని ఒప్పుకున్నది గ్రేస్‌కు. నాకు నడపడం రాదు. ఆ సంగతి ఇద్దరికీ కాసేపటికి గానీ తట్టలేదు.

టీ కాచే ఆవిడ అంతా చూస్తూనే ఉంది. "డ్రైవరు కావాలాండీ? మా మరిది యాక్టింగ్ డ్రైవరే, ఎవరి కారైనా కూలికి నడిపిపెడతాడు. ఫోన్ చేస్తే అరగంటలో వస్తాడు," అంది. నలభై రెండు నిమిషాలకు వచ్చాడు. ఈలోపు రెండేసి టీలు తాగాం. పది రూపాయల టీ, బెజవాడలో పదిహేను. అల్లం ఎక్కువ.

నేను వెనక సీటుకు మారాను. తమ్ముడు ఎడమ పక్క సీట్లో కూర్చుని, బెల్టు కోసం అలవాటుగా కుడి భుజం పైన వెతికాడు. వచ్చిన మనిషి స్టీరింగు ముందు సర్దుకుని, కాసేపు నడిపాక ఒక బొత్తాం నొక్కాడు. బొమ్మ ఆరిపోయింది.

"ఏం ఆపావయ్యా?" అన్నాడు తమ్ముడు.

"ఈ గీతల గోలండీ. నస."

"వెయ్యి. వేసి నడుపు."

వేశాడు. బెజవాడ దాకా అతన్ని మూడుసార్లు లాగింది, మూడూ సిగ్నల్ వేయకే. తమ్ముడు మూడుసార్లూ అతనికి చెప్పాడు.

శుక్రవారం కంటి ఆసుపత్రిలో చూపించాం. కంట్లో ఒత్తిడి పెరిగి ఎడమ కంటి నరం దెబ్బతిందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, కుడి కంటికి కూడా మొదలైందనీ, రోజూ చుక్కలు వేస్తే దాన్ని నిలబెట్టవచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. చుక్కలు ఉదయం ఏడుకు, రాత్రి ఏడుకు. వేసేది నేను.

పోయినవి

చేతిరుమాలు, ఒకటి.

కారు ఎడమ అద్దం, ఒకటి.

చిన్నరసాలు, బ్రేకు వేసినప్పుడు చితికినవి, పదకొండు. కొసరు మూడూ వీటిలో ఉన్నాయో లేదో చెప్పలేను.

సున్నం గీత, తొంభై రెండు అడుగులు. మళ్లీ వేశాడు, కాబట్టి ఇది కొట్టేయవచ్చు.

ఎడమ కంటి చూపు, డాక్టరమ్మ లెక్కన నాలుగింట మూడు వంతులు.

ఇరవై నాలుగో ఏట మొదలుపెట్టిన డ్రైవింగు, నలభై ఏడేళ్లది.